పలక ఆత్మకథ: గంట చదువు చాలు

నేను రాతి పలకను. మార్కాపురం గనుల్లో పుట్టి, చెక్క చట్రం బిగించుకుని సిక్కోలు, విజయనగరం వైపు వచ్చాను. గుంటల చేత ఓనమాలు దిద్దించడం నా పని. నాకంటే ముందు ఆ పని ఇసుక చేసేది. వీధిబడి పిల్లలు వేలితో ఇసుకలో అక్షరాలు దిద్దేవారని 1823లో బళ్లారి కలెక్టరు క్యాంప్‌బెల్ మద్రాసు ప్రభుత్వానికి నివేదించాడు. ఇప్పుడు పసిపిల్లలకు ఇంట్లోనే చదువు చెబుతామనే తల్లిదండ్రులు కొందరు బడి టైంటేబుల్ మొత్తాన్నీ ఇంట్లోకి దింపుతున్నారు. తొమ్మిదింటికి తెలుగు, పదింటికి లెక్కలు, పదకొండింటికి ఇంగ్లీషు. నా మాట వేరు. ఆరేళ్లలోపు గుంటకు పలక ముందు కూర్చునే చదువు రోజుకు గంట చాలు. మిగతా చదువు ఇంటి పనిలో, ఇంటి మాటలో ఉంది.

బళ్లో ఒక పంతులికి ముప్పై నలభై మంది పిల్లలు. హాజరుకీ, అల్లరి అణచడానికీ, వంతు కోసం ఎదురుచూడ్డానికీ పోయే సమయమే ఎక్కువ. ఇంట్లో ఆ ఖర్చు లేదు. పొద్దున్న చోడంబలి తాగాక అరగంట నా దగ్గర కూర్చుంటే నాలుగు అక్షరాలు వస్తాయి. దిద్దిన గీత మీదే పదేపదే దిద్దితే అది లావెక్కి వంకర కనబడదు. కాబట్టి తడిగుడ్డతో తుడిచి, చూడకుండా రాయించాలి. నేను తెల్లబారితే దొండాకు పసరు రాస్తే సరి. తర్వాత లెక్క వంటింట్లో సాగుతుంది. నాలుగు గిద్దలు సోల. అక్కణ్నుంచి తవ్వ, మానిక, అడ్డ, కుంచం ఒక్కొక్కటీ రెట్టింపు. బియ్యం కొలిచిన పిల్లకు రెండో ఎక్కం చేతికే తెలుస్తుంది. జీడిపిక్కలు పదేసి కుప్పలు పోస్తే పదుల స్థానం అర్థమవుతుంది. మధ్యాహ్నం నిద్ర, సాయంత్రం ఆట. దీపాలవేళ కథ విన్నాక, అందులోంచి ఒక్క మాట నా మీద రాయడానికి మరో అరగంట.

తల్లికే చదువు రాకపోతే ఎలాగని అడుగుతారు. కొలవడానికీ, లెక్కించడానికీ, కథ చెప్పడానికీ అక్షరం అక్కర్లేదు. అక్షరాల అరగంట బడికెళ్లే అప్ప చూసుకోవచ్చు. తల్లి మాట్లాడే మాట చదువుకు పనికిరాదనే బెరుకూ వద్దు. శ్రీముఖలింగం దగ్గరి పర్వతాలపేటలో 1863లో పుట్టిన గిడుగు రామమూర్తి సవర భాష నేర్చుకుని, సవర పిల్లలకు వాళ్ల భాషలోనే వాచకాలు రాశాడు. పిల్లకు తెలిసిన మాటతో మొదలుపెడితేనే తెలియనిది అందుతుందన్నది ఆ పని చెప్పే పాఠం. టీవీ, ఫోను ఉండగా పలకెందుకనే వాళ్లూ ఉన్నారు. 2020లో బడులు మూతపడినప్పుడు దూరదర్శన్ సప్తగిరిలో పాఠాలు వచ్చాయి, మేలే జరిగింది. కానీ బలపం పట్టిన వేళ్లు ఎలా ఒంగాయో తెర చూడలేదు, పక్కన కూర్చున్న మనిషే చూడాలి.

ఇంట్లోనే పెరిగితే తోటిపిల్లలు దొరకరన్న అభ్యంతరం మాత్రం గట్టిది. పల్లెలో వీధి ఆ లోటు తీరుస్తుంది. విజయనగరం అపార్టుమెంటులో తీర్చదు. అక్కడ ఆటకు నలుగురు పిల్లల్ని పోగుచేయడం కూడా దినచర్యలో భాగం కావాలి. చట్టం మాటా మరవకూడదు. 2010 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్న విద్యాహక్కు చట్టం 6 నుంచి 14 ఏళ్ల పిల్లల్ని బళ్లో చేర్చే బాధ్యత తల్లిదండ్రుల మీద పెట్టింది. కనుక నా దినచర్య ఆరేళ్లలోపు వాళ్లకు పునాది, ఆ తర్వాత బడికి తోడు, అంతేగాని బడికి పోటీ కాదు. అది నిలబడేదీ చిన్నది కాబట్టే. కూలికెళ్లి వచ్చే ఇల్లయినా రోజుకో గంట తీయగలదు. ఆరు గంటలు కూర్చోబెడదామనుకున్న ఇల్లు నెల తిరక్కుండానే విసిగిపోతుంది, పిల్లకు చదువంటేనే విసుగు పుట్టిస్తుంది.