లోడ్ లైన్ కథ

భారత జెండాతో తిరిగే ఒక సరుకు ఓడ నడుమ భాగాన, రెండు పక్కలా ఉక్కు పలకల మీద ఉండే లోడ్ లైన్ అనే ఈ గుర్తులో, 300 మిల్లీమీటర్ల వ్యాసం గల వలయమూ, దానిని అడ్డంగా దాటిపోయే 450 మిల్లీమీటర్ల గీతా ఉన్నాయి. వేసవి మండలపు ఉప్పునీటిలో ఓడ ఈ గీత పై అంచు వరకే మునగవచ్చు. అక్కడి నుండి డెక్కు ఎత్తును చూపే గీత వరకు నీటిపైన మిగిలే ఎత్తును ఫ్రీబోర్డు అంటారు. రంగు వెలిసినా చోటు తప్పకుండా వలయపు అంచున వెల్డింగు గట్టు పోశారు. వలయానికి చెరో పక్క ఉన్న ఐ, ఆర్ అనే అక్షరాలు, ఓడల దృఢత్వాన్ని పరీక్షించే వర్గీకరణ సంస్థ అయిన ఇండియన్ రిజిస్టర్ ఆఫ్ షిప్పింగు ఈ చోటును నిర్ణయించిందని తెలుపుతాయి.

గీతకంటె ఆ అక్షరాలకే విలువ ఎక్కువని దీని వంశచరిత్ర చెబుతుంది. పార్లమెంటు సభ్యుడు శామ్యూల్ ప్లింసాల్ పోరాటంతో బ్రిటన్‌లో 1876లో గీత తప్పనిసరి అయినా, దానిని ఎక్కడ గీయాలో చట్టం ఓడ యజమాని ఇష్టానికే వదిలిపెట్టింది. చోటు చట్టబద్ధంగా స్థిరపడడానికి 1890 వరకు ఆగవలసి వచ్చింది, అంతవరకు నావికుని ప్రాణానికి ఆ గీత ఇచ్చిన భరోసా స్వల్పమే.

అందువల్ల గీత పెట్టేవాని అర్హతే అసలు ప్రశ్న అయింది. ప్రభుత్వాల తరఫున ఓడలను పరీక్షించే సంస్థలకు 2015 జనవరి 1 నుండి అమలైన అంతర్జాతీయ నియమావళి ప్రకారం, ఆ పరీక్ష చేసే సర్వేయరు ఇంజనీరింగులోగాని భౌతికశాస్త్రాల్లోగాని ఉన్నతవిద్య పొంది ఉండాలి, లేదా నౌకావిద్యా సంస్థలో అర్హత సంపాదించి ధ్రువపత్రం గల ఓడ అధికారిగా సముద్రంపై పనిచేసి ఉండాలి. పట్టా మొదటి మెట్టు మాత్రమే. అనుభవజ్ఞుని వెంట ఓడలెక్కి పని నేర్చి, చేయగలనని చూపిన తరువాతనే ఆయా రకాల సర్వేలకు అధికారం లభిస్తుంది.

ఆ శిక్షణ ఎందుకో ఏటేటా జరిగే పరీక్షలో తెలుస్తుంది. టేపుతో ఫ్రీబోర్డు కొలవడం ఎవరికైనా సాధ్యమే, కాని ఆ కొలత ఓడ పైభాగపు మూతలన్నీ నీరు చొరనీయవన్న నమ్మకం మీద లెక్కించినది. కనుక సర్వేయరు సరుకు గదుల హాచ్ మూతల రబ్బరు పట్టీని వేలితో నొక్కి గట్టిపడిందా అని చూస్తాడు, గాలి గొట్టాల తలలు విప్పిస్తాడు, డెక్కు మీది అలనీరు బయటికి పోయే కంతల రెక్కలు రంగుపూతకు అతుక్కుపోయాయేమో కదిపి చూస్తాడు. అతుక్కుపోయిన ఒక్క రెక్క, గీత ఎంత సరైన చోట ఉన్నా, దానిని అబద్ధం చేయగలదు. ఈ గుర్తు గౌరవం ఆ రెక్కను వంగి కదిపినవానికే చెందుతుంది.

సర్వేయరు అన్న పేరుతో ఓడ ఎక్కేవారందరి పనీ ఒకటి కాదు. మన దేశంలో బీమా నష్టాన్ని అంచనా వేసే సర్వేయరు, బీమా నియంత్రణ సంస్థ నియమాల ప్రకారం శిక్షణ పొంది, పరీక్షలు నెగ్గి, సముద్ర సరుకుకు గాని ఓడ దేహానికి గాని లైసెన్సు పొందుతాడు. ఆ లైసెన్సు తన రంగంలో ఎంత విలువైనదైనా, ఈ గుర్తుకు ఇచ్చే ధ్రువపత్రంపై వార్షిక పరీక్ష నమోదు చేయడానికి చాలదు. అందుకు ఓడ ఏ జెండా కింద తిరుగుతుందో ఆ ప్రభుత్వం అప్పగించిన అధికారమే కావాలి.