కొత్త బండి పద్యానికి టీకా తాత్పర్యాలు

మూలం

తే. కొత్త టీజీ పలకబండి కుర్రవాడ,
ఒక్క వేగానఁ బోఁబోకు మూరిదాఁక,
ఎత్తుపల్లాల నూపిరి యెగయనిమ్ము,
ఐదునూర్లకు నూనియ నవలఁ బోయు.

అవతారిక

చక్రాల కింద నిమ్మకాయలు నలిగాయి. కొబ్బరికాయ పగిలింది. ట్యాంకు మీద కుంకుమ బొట్లు, హ్యాండిలుకు బంతిపూల దండ, పెద్దమ్మ గుడి ముందు ఇంటిల్లిపాదితో ఫోటో. బండికి బయట జరగవలసిన సంస్కారాలన్నీ యథావిధిగా జరిగిపోయాయి. లోపల జరగవలసిన సంస్కారం, అంటే కొత్త ఇంజను అరుగుతూ ఒదిగే రన్నింగ్ ఇన్ మాట మాత్రం ఎవరూ ఎత్తలేదు. నాయకుడు సైడు బ్యాగులు తగిలించి, లద్దాఖ్ మ్యాపు తెరిచి కూర్చున్న ఆ శుభసమయంలో కవి కల్పించుకుని చెప్పిన హితవు ఇది.

నాయకుడు అనగా వాయిదాలు కట్టువాడు. బండి ఏదని కవి చెప్పలేదు. హిమాలయన్ 450 అని ఈ వ్యాఖ్యాత ఊహ: 452 సీసీ ఒంటి సిలిండరు, 8,000 ఆర్పీఎం దగ్గర 40 పీఎస్ బలం, 2023 నవంబరులో విడుదల, రాయల్ ఎన్‌ఫీల్డ్ వంశంలో నీటితో చల్లబడే తొలి ఇంజను. ఇంకో టూరింగ్ బండిని ఊహించుకున్నా అర్థహాని లేదు. స్కూటరని మాత్రం అనరాదు. లద్దాఖ్‌కు స్కూటర్ల మీద కూడా పోతున్నారన్నది వేరే సంగతి.

కవికాల నిర్ణయం

తెలంగాణ బండ్ల నంబరు పలకల మీద టీఎస్ పోయి టీజీ వచ్చింది 2024 మార్చిలో. పద్యంలో ‘టీజీ పలక’ ఉంది గనుక కవి అంతకు పూర్వుడు కాలేడు. ‘నూనియ’ వంటి పాతమాట చూసి ఆయన్ను నాలుగైదు శతాబ్దాలు వెనక్కి నెట్టాలని ఉబలాటపడేవారు ముందు రవాణా శాఖకు సమాధానం చెప్పుకోవాలి. ఇక కర్తృత్వం. ఈ వ్యాఖ్యాతే పద్యం రాసుకుని, తానే వ్యాఖ్యానం కూడా చెప్పుకుంటున్నాడని కొందరి అనుమానం. వ్యాఖ్యాత దాన్ని ఖండించడం లేదు.

ప్రతిపదార్థం

కొత్త = సీటు మీద ప్లాస్టిక్ కవరు ఇంకా తీయని; టీజీ పలక బండి = టీజీ అక్షరాల పలక బిగించిన మోటారు సైకిలు గల; కుర్రవాడ = ఓ చిన్నవాడా; ఒక్క వేగానన్ = ఒకే వేగంతో; ఊరిదాఁకన్ = పోవలసిన ఊరు వచ్చేవరకు; పోఁబోకుము = పోవద్దు; ఎత్తుపల్లాలన్ = మిట్టల్లోను పల్లాల్లోను; ఊపిరి = ఇంజను శ్వాసను; ఎగయనిమ్ము = లేవనివ్వు, పడనివ్వు; ఐదునూర్లకున్ = మీటరులో ఐదు వందలు తిరిగేసరికి; నూనియను = ఇంజనాయిలును; అవలన్ = అవతల; పోయు = పారబోయుము.

‘కుర్రవాడ’ అన్నది ఉపలక్షణం. ఇలాంటి బండ్లు కొనేవారిలో జుట్టు పలచబడినవారు, నడుముకు బెల్టు చుట్టుకునేవారు తక్కువేం కాదు. ఆడవారూ ఉన్నారు. కొత్త బండి ఎక్కిన మొదటి వారం అందరిదీ ఒకే ఈడని కవి హృదయం.

నాలుగో పాదం పదవిభాగంలో పండితులు తడబడ్డారు. ‘నూనియ నవల’ అని విరిచి, నూనె గురించి ఐదు వందల పుటల నవల రాయమని కవి ప్రోత్సహిస్తున్నాడని ఒకరు. ‘ఐదునూర్లకు’ అంటే ఐదు వందల రూపాయలకు అని ఇంకొకరు. ఈ బండికి సరిపడా నూనె, ఫిల్టరు ఆ ధరకు రావు గనుక రెండో అర్థం బజారులోనే వీగిపోతుంది. మొదటిదానికి వ్యాఖ్యానం అనవసరం.

తాత్పర్యం

కొత్త బండి కొన్నవాడా, ఒకే వేగం పట్టుకుని ఊరిదాకా సాగిపోకు. ఎక్కిస్తూ దింపుతూ, థ్రాటిల్ తెరుస్తూ మూస్తూ నడుపు. ఐదు వందల కిలోమీటర్లకు ఇంజనాయిలు తీసేయించు.

విశేషాలు

ఈ పద్యానికి ప్రాణం ‘ఒక్క’ అనే మాట. ‘మెల్లగా పో’ అని కవి ఎక్కడా అనలేదు. ఈ సంగతి గమనించక మందవాదులనే ఒక శాఖవారు, మొదటి వెయ్యి కిలోమీటర్లు నలభై దాటకుండా, అదీ టాప్ గేరులో, బండి దడదడలాడుతున్నా ఓర్చుకుంటూ నడపడమే ధర్మమని బోధిస్తారు. వీరి ఆచారానికి మూలం పోత ఇనుము సిలిండర్ల పాత బుల్లెట్ల కాలం. ఆ బండ్లు 2010 ప్రాంతం దాకా తయారయ్యాయి. వేడెక్కించి పిస్టన్ పట్టేయించినవారి కథలు ప్రతి ఊళ్ళోనూ ఉండేవి. ఆ భయం అప్పట్లో న్యాయమైనదే. ఇప్పటి ఇంజను వేరు. ఆచారం మాత్రం తాతగారి గడియారంలా మనవడి చేతికి వచ్చింది.

లోపల జరిగేది ఇది. సిలిండరు గోడ అద్దంలా నున్నగా ఉంటుందనుకుంటాం. ఉండదు. హోనింగ్ రాళ్ళతో దాని మీద ఏటవాలుగా, ఒకదాన్నొకటి కోసుకునే సన్నని గీతలు కావాలనే పెడతారు. ఆ గీతల్లో నూనె నిలవాలి. కొత్తలో గీతల అంచులు మొనదేలి ఉంటాయి. పిస్టన్ రింగు ఆ మొనల్ని అరగదీస్తూ, తానూ కొంత అరిగి, గోడకు ఒదగాలి. రింగు తన స్ప్రింగు బలంతో గోడను నొక్కేది కొంతే. అసలు నొక్కుడు మంటలో పుట్టిన వాయువుది. అది రింగు వెనక గాడిలోకి దూరి దాన్ని గోడ వైపు తోస్తుంది. థ్రాటిల్ పిసరంత తెరిచి పాకించుకుంటూ పోతే ఆ ఒత్తిడి చాలదు. రింగు ఒదగకముందే గీతల్లోని నూనె కాలి వార్నిష్‌లా గట్టిపడుతుంది. దీన్ని షెడ్డు భాషలో గ్లేజింగ్ అంటారు. ఆ తర్వాత రింగు గోడ మీద జారుతుందే గాని ఒదగదు. బండి ఆయిలు తాగుతుంది, వెనకవాడికి నీలిపొగ కనబడుతుంది. కొన్న రోజు నుంచీ నలభై దాటని మనిషి, ఎవరి దిష్టి తగిలిందోనని ఇంకో నిమ్మకాయ కట్టిస్తాడు.

దీనికి వ్యతిరేకంగా వీరవాదులున్నారు. షోరూం గేటు దాటిన మరుక్షణం రెడ్‌లైన్ దాకా లాగితేనే రింగులు కూర్చుంటాయని వీరి సిద్ధాంతం. ఇందులో సగం సత్యం ఉంది: ఒత్తిడి కావాలి. మిగతా సగంలో కొత్త బేరింగులు, కొత్త గేరు పళ్ళు, ఇంకా పట్టు దొరకని బ్రేకు ప్యాడ్లు, ఎదురుగా వచ్చే లారీ ఉన్నాయి.

కవి మూడో పాదంలో మధ్యమార్గం చూపాడు. ‘ఊపిరి యెగయనిమ్ము’. మిట్ట ఎక్కేటప్పుడు థ్రాటిల్ ధైర్యంగా తెరిస్తే పైన చెప్పిన వాయువు రింగును గోడకు అదుముతుంది. పల్లం దిగేటప్పుడు థ్రాటిల్ పూర్తిగా మూసి, గేరులోనే దిగితే సిలిండరులో ఏర్పడే వెలితి కింది నుంచి కాస్త నూనెను పైకి లాగి, అరిగిన రజనును కడుగుతుంది. అదుముట ఉచ్ఛ్వాసం, కడుగుట నిశ్వాసం. ఇంత యంత్రశాస్త్రాన్ని ఒక్క తేటగీతి పాదంలో ఇమిడ్చిన కవిని ఎంత పొగిడినా తక్కువే. (కర్తృత్వ చర్చ పైన చూడుడు.)

ఇదే సంగతిని మా వీధి చివర మెకానిక్ లౌకికంగా ఇలా చెబుతాడు: “అన్నా, ఊకె రేజ్ చెయ్యకు. గట్లని సైకిల్ తీర్గ నడ్పకు. ఇంజన్ ఫ్రీ గావాలె.”

ఎంతవరకు తెరవాలి, ఎన్ని ఆర్పీఎంలు దాటరాదు అన్న ప్రశ్నకు ప్రమాణాలు మూడు. బండితో వచ్చిన పుస్తకం శ్రుతి. మెకానిక్ మాట స్మృతి. వాట్సాప్ గ్రూపు పురాణం. శ్రుతికీ స్మృతికీ విరోధం వస్తే శ్రుతిదే బలం. పురాణం కాలక్షేపానికి.

‘ఊరిదాఁక’ అన్నది ఏ ఊరు? హైదరాబాదు నుంచి విజయవాడ అని పూర్వవ్యాఖ్యాతలు. సమ్మతం కాదు. ఆ దారి నాలుగు వరుసలది. ఎనభై దగ్గర ముల్లు నిలిపితే కదలదు, సరిగ్గా కవి వద్దన్న పనే అక్కడ హాయిగా సాగుతుంది. ‘ఎత్తుపల్లాల’ అన్నాడు గనుక శ్రీశైలమే. డిండి దాటి మన్ననూరు చెక్‌పోస్టు, అక్కడి నుంచి నల్లమల. వటవర్లపల్లి, దోమలపెంట, ఈగలపెంట, ఆపైన మెలికలు తిరుగుతూ డ్యాము దాకా దిగుడు, మళ్ళీ సున్నిపెంట వైపు ఎక్కుడు. రెండో గేరు, మూడో గేరు, మళ్ళీ రెండు. పోనురాను సుమారు 430 కిలోమీటర్లు, అంటే నాలుగో పాదంలోని గడువుకు కాస్త లోపలే. దర్శనమూ అయింది, రింగులూ కూర్చున్నాయి. అడవి గేటు రాత్రి తొమ్మిదికి మూసి పొద్దున ఆరుకు తీస్తారు గనుక చీకట్లో వేగపరీక్షలకు తావు లేదు. కవి లోకజ్ఞుడు.

‘ఐదునూర్లు’: ఇక్కడ పాఠభేదాలు మెండు. రాయల్ ఎన్‌ఫీల్డ్ ప్రతిలో 500. బీఎండబ్ల్యూ ప్రతిలో 500 మొదలు 1,200 లోపు. హార్లీ ప్రతిలో 1,000 మైళ్ళు, అనగా 1,600 కిలోమీటర్లు. ఏ బండికి ఆ ప్రతే ప్రామాణికం. ఛందస్సు సరిపోయిందని హార్లీ వారు ఐదునూర్లకే పరుగెత్తనక్కరలేదు.

ఆక్షేపం: 2016లో తొలి హిమాలయన్ వచ్చినప్పుడు నూనె మార్పుకు 10,000 కిలోమీటర్ల గడువని కంపెనీ గొప్పగా చెప్పుకుంది గదా? పదివేలు బతికే నూనె ఐదువందలకే ఎలా చచ్చింది?

సమాధానం: చావలేదు. నూనెకు వయసు మీరి తీయడం లేదు. అందులో చేరినదాని కోసం తీస్తున్నాం. కొత్త రోట్లో మొదటిసారి రుబ్బిన పిండిని ఎవరూ వండుకోరు, పిండి పాడై కాదు, పళ్ళ కింద రాయి పడుతుందని. ఇంజను కూడా తొలి వందల కిలోమీటర్లలోనే ఎక్కువ రాలుస్తుంది: గీతల మొనలు, గేరు పళ్ళ అంచుల గరుకు, క్లచ్ పలకల పొడి. ఫిల్టరు పట్టినంత పడుతుంది. పట్టనంత సన్నది నూనెతో తిరుగుతూనే ఉంటుంది. అందుకే నూనెతో బాటు ఫిల్టరు కూడా మార్చాలి. పద్యంలో ఫిల్టరు ఊసు లేదే అంటే, ‘నూనియ’ అన్నప్పుడే దాన్ని మోసేదీ వడకట్టేదీ లక్షణచేత సిద్ధిస్తాయి.

నమ్మనివారు సర్వీసింగ్ రోజున బండి పక్కన నిలబడి చూడాలి. బండిని కాస్త నడిపి, నూనె వెచ్చగా ఉండగానే కింది నట్టు విప్పిస్తారు. చల్లబడితే రజను అడుగున దిగి అక్కడే ఉండిపోతుంది. ట్రేలో పడిన నూనె పైపైన చూస్తే మామూలు నలుపే. ట్రేను కొంచెం వంచి ఎండలోకి తిప్పితే నలుపు లోపల వెండి సుడి ఒకటి నెమ్మదిగా తిరుగుతుంది. నట్టు కొసన అయస్కాంతం ఉంటే దాని చుట్టూ బూడిదరంగు మెత్తటి పేస్టు, వేలితో రాస్తే గరుకు తగలనంత సన్నం. ఇంతవరకు శుభం. గోటికి తగిలే తునకలు కనబడితే మాత్రం ఈ వ్యాఖ్యానం కట్టిపెట్టి వారంటీ కాగితాలు వెతకాలి. నట్టు తిరిగి బిగించేటప్పుడు వాషరు కొత్తది వేయమని గుర్తు చేయాలి. నట్టును అతిగా బిగిస్తే మెత్తటి అల్యూమినియంలో మర పోతుంది. భక్తి ఎక్కువైనవారి షెడ్లలో ఇది తరచు జరిగేదే.

శతవాదులని ఇంకొందరున్నారు. ఐదు వందల దాకా ఆగలేక నూటికే తమ ఖర్చుతో నూనె మార్పించి, మళ్ళీ ఐదు వందలకు షోరూంలో మార్పిస్తారు. దోషం లేదు. పుణ్యం ఎంతన్నది వివాదాస్పదం. ఆ తొందరలో వీరు చేసే తప్పు మరొకటి ఉంది: చేతికందిన ఖరీదైన కారు నూనె పోయించడం. మన బండ్లలో చాలావాటికి ఇంజనుకూ గేర్లకూ క్లచ్‌కూ ఒకే నూనె. కారు నూనెల్లో జారుడు పెంచే మందులు కలుపుతారు. క్లచ్ పలకలకు కావలసింది జారుడు కాదు, పట్టు. డబ్బా మీద జాసో ఎంఏ2 అని ఉందో లేదో చూడాలి. ధర చూడడం ఆ తర్వాత.

ధ్వని: టైర్ల మాట కవి వాచ్యంగా అనలేదు. కొత్త టైరు నున్నగా ఉంటుంది, ఒకటి రెండు వందల కిలోమీటర్లు తిరిగి పైపొర గరుకెక్కేదాకా మూలమలుపుల్లో మరీ వాల్చరాదన్నది ‘కుర్రవాడ’ అన్న సంబోధనలోని ఆత్రుతను బట్టి ధ్వనిస్తోంది. గొలుసు వదులు చూసుకోవాలన్నది కూడా ధ్వనే. ఇంతకు మించి ధ్వని లాగితే పద్యం తెగుతుంది.

చివరగా ‘అవల’. అవతల అంటే ఎక్కడ? మోరీలో కాదు. 2016 నాటి నియమాల ప్రకారం వాడిన ఇంజనాయిలు ప్రమాదకర వ్యర్థాల కిందికి వస్తుంది, అనుమతి గల రీసైక్లర్ల దగ్గరికి చేరాలి. లోకాచారంలో మాత్రం అది షెడ్డు మూల డ్రమ్ములో కొన్నాళ్ళుండి, చెద పట్టిన దూలాలకు, గేటు మడతబందులకు, దుకాణాల షట్టర్లకు పోతుంటుంది. మెకానిక్ చేతిలో బ్రష్షుంటే బండి గొలుసుకు కూడా పూయబోతాడు. ఈ మొదటి నూనెను గొలుసుకు పూయనివ్వరాదు. అందులో ఉన్నది, మనం ఇంతసేపూ బయటికి పంపడానికి ప్రయత్నించిన లోహపు రజనే. టూరింగ్ బండి గొలుసులో రబ్బరు రింగులుంటాయి; వాటికి గొలుసు స్ప్రేనో, 90 నంబరు గేరాయిలో సరిపోతుంది. షట్టరుకు పూస్తే, నియమం ఒప్పదు గాని, యంత్రశాస్త్రరీత్యా ఆక్షేపణ లేదు. దానికి రన్నింగ్ ఇన్ లేదు.