తడవని నోడ్లు

టవర్ల ఊసు లేకుండా ఫోన్లే ఒకదానికొకటి కబురందించుకునే అడ్‌హాక్ నెట్‌వర్కుల మీద మన ఇంజనీరింగ్ కాలేజీల్లో పరిశోధనకు కరువు లేదు. ప్రతి పేపరు మొదటి పేరాలోనూ ఒకటే మంత్రం: వరదొచ్చినా యుద్ధమొచ్చినా ఇదే దిక్కు! రెండో పేరా నుంచి వరద ఊసే ఉండదు.

ప్రయోగం ఎక్కడయ్యా అంటే, ఎన్‌ఎస్-2 అనే కంప్యూటర్ సిమ్యులేటర్‌లో. కిలోమీటరు పొడవు, కిలోమీటరు వెడల్పు మైదానం. గుట్ట లేదు, గోడ లేదు, పెన్నా లేదు. ప్రతి నోడూ, అంటే ఫోనూ, బుద్ధి పుట్టిన చోటికి తిన్నగా నడిచి, కాసేపు నిలబడి, మళ్లీ ఇంకెటో బయల్దేరుతుంది. రాండమ్ వేపాయింట్ అనే ఈ నడక 1996 నాటిది. జమ్మలమడుగు బజార్లో అలా తిరిగితే పోలీసులు ఆపి ఏ ఊరని అడుగుతారు.

2021 నవంబరు 19న చెయ్యేటి మీద అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగి ఊళ్లు మునిగింది జమ్మలమడుగు ఉన్న కడప జిల్లాలోనే. సిమ్యులేటర్‌లో నోడ్లు మాత్రం తడవలేదు. పేపర్లో గ్రాఫు పైకే పోయింది.

ఇక భద్రత. 'దగ్గరి దారి నాకు తెలుసు, ఇటివ్వండి' అని నమ్మించి, చేతికొచ్చిన ప్యాకెట్లన్నీ మింగేసే నోడుది బ్లాక్‌హోల్ దాడి. దాన్ని పట్టే ఉపాయం కనిపెట్టిన పండితుడు పేపరు ఎక్కడికి పంపుతాడు? 'ఫీజు కట్టండి, మూడు రోజుల్లో అచ్చు' అనే జర్నల్‌కు! దగ్గరి దారి, నమ్మబలుకుడు, మింగుడు, అన్నీ తాను రాసిన లక్షణాలే. అయినా పట్టడు. ప్రమోషన్ దాని కడుపులోనే ఉంది మరి. 2010లో పేపర్లకు పాయింట్లు కట్టిన యూజీసీయే 2018 మేలో 4,305 జర్నళ్లను తన జాబితా నుంచి ఊడ్చేసింది.

2003లో, ఈ నెట్‌వర్కుల్లో దారి వెతికే ఏఓడీవీ ప్రోటోకాల్‌ను ఇంటర్నెట్ ప్రమాణాల సంస్థ ఐఈటీఎఫ్ 'ప్రయోగాత్మకం' అని ముద్ర వేసే వదిలింది. మనవాళ్లు దానికి సెక్యూర్, ఇంప్రూవ్డ్, ఎన్‌హాన్స్‌డ్ అని కొమ్ములు తగిలించి, ప్యాకెట్‌ను ఎవరికి తోచినట్టు వాళ్లు మార్చుకున్నారు. పక్కపక్క బల్లల మీది థీసిస్‌లు కూడా ఒకదాన్నొకటి పలకరించుకోలేవు.

అయ్యా, ఇకపై వైవా గండికోటలో పెట్టండి. పెన్నాకు ఇటు గట్టున అభ్యర్థి, అటు గట్టున పరీక్షకులు, నడుమ రాళ్ల మీద ఫోన్లు పట్టుకుని పిల్లలు. 'డిగ్రీ ఇచ్చాం' అన్న కబురు ఆ ఫోన్ల మీదుగా అభ్యర్థికి చేరితే, ఇచ్చినట్టే.