‘ఒక్కటి మారిస్తే చాలు’ – టీకా తాత్పర్య సహితం

మూలం

నాన్నా, గ్రాఫిక్స్ కార్డు ఒక్కటి మారిస్తే చాలు.

అవతారిక

2025 దసరా సెలవుల్లో ఒక సాయంత్రం, ఇంటర్ రెండో సంవత్సరం చదువుతున్న మా వాడు, పేపరు చదువుకుంటున్న నన్ను ఉద్దేశించి పలికిన వాక్యమిది. వక్త కూర్చున్నది 2012లో సికింద్రాబాద్ పార్క్‌లేన్ దగ్గర చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లో ఏ భాగానికి ఆ భాగం బేరమాడి కొని బిగించుకున్న కంప్యూటర్ ముందు. తెర మీద రేసు కారు ఒక మలుపు తిరిగేలోపు వాడు వంటింట్లోకి వెళ్లి మంచినీళ్లు తాగి రావచ్చు. అదీ సందర్భం. సూత్రానికి మాటలు తక్కువ ఉండాలి, సందేహం ఉండకూడదు అంటారు. ఇందులో మాటలు ఆరే. రెండో లక్షణం లోపించడం వల్లనే ఈ టీక రాయాల్సి వచ్చింది.

ప్రతిపదార్థం

నాన్నా: సంబోధన ప్రథమా విభక్తి. మామూలు రోజుల్లో నేను డాడీని. వాడు తెలుగులోకి దిగి చివర దీర్ఘం తీశాడంటే ఖర్చు ఐదంకెలకు ఎగబాకుతుందని అర్థం. ఇది వ్యాకరణంలో లేదు, మా ఇంటి నిఘంటువులో ఉంది.

గ్రాఫిక్స్: అన్యదేశ్యం. తెర మీది ప్రతి చుక్కకూ ఏ రంగు పడాలో లెక్కగట్టే పని. మా మానిటర్ అడ్డంగా 1366 చుక్కలు, నిలువుగా 768. గుణిస్తే పది లక్షల 49 వేల పైచిలుకు. ఆట సాఫీగా సాగాలంటే వాటన్నిటికీ సెకనుకు 60 సార్లు రంగు వెయ్యాలి. ప్రాసెసర్‌కు చేతకాదని కాదు. చెయ్యి తిరిగిన వంటాయన ఒక్కడే పెళ్లి వంట అంతా దించేస్తాడు గానీ, వెయ్యి విస్తళ్ల వడ్డన ఆయన వల్ల అవుతుందా? అక్కడ పాండిత్యం అక్కర్లేదు, గరిటె పట్టే కుర్రాళ్లు గుంపుగా కావాలి. మా పాత జీటీ 610 కార్డులో అలాంటి కుర్రాళ్లు 48 మంది. మా వాడు కన్నేసిన జీటీఎక్స్ 1050 టీఐలో 768 మంది. 1999లో జీఫోర్స్ 256ను అమ్మేటప్పుడు ఎన్విడియా ఈ చిప్పును జీపీయూ అని ఊరేగించింది. అంతకుముందూ వడ్డన జరిగేది, ఇంత దర్జా ఉండేది కాదు.

కార్డు: నానార్థం. ఈ మాట చెవిన పడ్డ మా అమ్మ ‘‘కార్డు మార్చాలంటే మీసేవకు వెళ్లాలేమో, ఆధార్ పట్టుకెళ్లండి’’ అంది. ఆవిడ ఎరిగిన కార్డులన్నీ పర్సులో పట్టేవే. దీనికి ఫ్యానుంది, అల్యూమినియం రేకులున్నాయి, చేతిలో పెడితే బరువు తెలుస్తుంది.

ఒక్కటి: వాక్యానికి జీవగర్ర ఇదే. వక్త దీన్ని అవధారణార్థంలో వాడాడు, అంటే ‘కార్డు మాత్రమే, వేరేదేదీ కాదు’ అని. నేనూ మొదట అలాగే అన్వయించుకున్నాను.

పూర్వపక్షం ఇది: 1050 టీఐ తినేది 75 వాట్లు. మదర్‌బోర్డు మీది పీసీఐ ఎక్స్‌ప్రెస్ స్లాటు ఇవ్వగలిగేదీ 75 వాట్లే. చాలా మోడళ్లకు విడిగా కరెంటు వైరు అక్కర్లేదు. కాబట్టి కంప్యూటర్ మొత్తానికీ కరెంటు అందించే ఎస్‌ఎంపీఎస్ డబ్బా జోలికి పోనక్కర్లేదు. వినడానికి ముచ్చటగా ఉంది. అయితే స్లాటు ఆ కరెంటును పుట్టింటి నుంచి తేదు, ఎస్‌ఎంపీఎస్ దగ్గర పుచ్చుకునే ఇస్తుంది. ఆ పుచ్చుకునే చోట ఏముందో చూద్దామని క్యాబినెట్ పక్క రేకు ఊడదీసి టార్చి వేశాను. పెద్ద అక్షరాల్లో 450 వాట్లు అని ఉంది. అది మూలం. దాని కింద చీమ తలకాయంత అక్షరాల్లో ఒక పట్టిక ఉంది. అది టీక. పన్నెండు వోల్టుల గడిలో 14 ఆంపియర్లని రాసి ఉంది. పన్నెండు పద్నాలుగులు 168. ప్రాసెసరూ కార్డూ ముఖ్యంగా బతికేది ఆ గడి మీదే. మిగతా వాట్లు కొన్ని ఐదు వోల్టుల గడిలో, కొన్ని తయారుచేసినవాడి ఊహలో ఉన్నాయి. మా మూడో తరం ఐ5 ప్రాసెసర్‌కు 77, కార్డుకు 75 పోతే మిగిలేది 16. ఆ పదహారు వాట్లతో హార్డ్ డిస్కు, ఫ్యాన్లు సంసారం ఈదాలి, అదీ పదమూడేళ్ల కెపాసిటర్లను నమ్ముకుని. కొండ మీద పొగ కనిపిస్తే నిప్పు ఉన్నట్టు ఊహించమంటారు తార్కికులు. ఇక్కడ ఊహించే శ్రమ కూడా ఉండదు, రెండూ బల్ల కిందే ప్రత్యక్షమవుతాయి. ఎస్‌ఎంపీఎస్ మార్చాలి. ‘ఒక్కటి’ ద్వివచనంలో పడింది.

బహువచనం మానిటర్ దగ్గర మొదలైంది. మాది పద్దెనిమిదిన్నర అంగుళాల పాత మానిటర్. దానికున్నది నీలం మూతి వీజీఏ ఒక్కటే. 1050 టీఐ పాస్కల్ తరానిది. ఆ తరం చిప్పుల నుంచి వీజీఏకు కావాల్సిన అనలాగ్ సంకేతం అసలు బయటికే రాదు. నేను చింతిస్తుండగా సెకండ్ హ్యాండ్ ప్రకటనల్లో వీజీఏ ఉన్న 1050 టీఐ కనిపించింది, అదీ సగం ధరకే. దేవుడున్నాడనుకున్నాను. మా వాడు ఆ ఫొటోను పెద్దది చేసి చూసి పకపకా నవ్వాడు. 2010 నాటి జీటీఎస్ 450 కార్డుల్లో బయోస్ మార్చేసి 1050 టీఐ అని అమ్మేవాళ్లున్నారట. విండోస్ అమాయకంగా ఆ పేరే చూపిస్తుంది, జీపీయూ-జెడ్ అనే చిన్న ప్రోగ్రాం మాత్రం నకిలీ అని పట్టేస్తుంది. పాస్కల్ కార్డుకు వీజీఏ మూతి ఉందంటే ముందు అనుమానించాలి. అంటే నా మానిటర్‌కు చక్కగా నప్పే గుణమేదో, దొంగను పట్టించే గుర్తూ అదే. తర్కశాస్త్రం పుస్తకం మొహం చూడని వాడు ఇంత పకడ్బందీగా అనుమాన ప్రమాణం ప్రయోగిస్తాడని నేను అనుకోలేదు.

చివరికి తెలిసినవాళ్ల అబ్బాయి వాడిన అసలు కార్డే తీసుకున్నాం. హెచ్‌డీఎంఐని వీజీఏగా మార్చే కన్వర్టర్‌కు మూడు వందల యాభై. కార్డు రెండు స్లాట్ల మందం కావడంతో పక్క స్లాటులోని వైఫై కార్డు నిలవనీడ లేక బయటికొచ్చింది. దానికి బదులు యూఎస్‌బీ డాంగిల్. ర్యామ్ సంగతి ఈ టీకలో రాయను.

మారిస్తే: చేదర్థకం. ‘మారు’ అకర్మకం, ‘మార్చు’ సకర్మకం. దానంతట అది మారదు, ఎవరో ఒకరు నడుం వంచాలి. ఆదివారం పొద్దున్నే క్యాబినెట్‌ను హాల్లో చాప మీద పడుకోబెట్టాం. ఏటేటా ఆయుధపూజకు మా ఆవిడ పెట్టిన బొట్లు దాని నుదుట ఒకదాని మీద ఒకటి పెచ్చు కట్టి ఉన్నాయి. లోపల దుమ్ము దుప్పటిలా చుట్టచుట్టుకుని వచ్చింది. పాత కార్డు పట్టుకు లాగితే రాదు. స్లాటు చివర ఒక ప్లాస్టిక్ కొక్కెం దాన్ని కరిచిపట్టుకుని ఉంటుంది, సరిగ్గా వేలు దూరని చోట. నేను బలప్రయోగానికి సిద్ధమవుతుంటే మా వాడు నా చెయ్యి పక్కకు తోసి ఐస్‌క్రీం పుల్లతో కొక్కేన్ని కిందికి నొక్కాడు. టక్‌మంది. కార్డు లేచి వచ్చింది. కొత్తగా తెచ్చిన కార్డు బంగారు పళ్లను వాడి చెల్లెలి రబ్బరుతో తుడిచి, పొట్టు ఊది, స్లాటులో నిలబెట్టి రెండు బొటనవేళ్లతో నొక్కాం. మళ్లీ టక్. స్క్రూ బిగించి, వైర్లు పెట్టే పని పెద్దరికం కొద్దీ నేనే తీసుకుని, స్విచ్చి వేశాను.

తెర మీద ఏమీ లేదు. ఫ్యాన్లు తిరుగుతున్నాయి, లైటు వెలుగుతోంది, తెర మాత్రం అమావాస్య. మళ్లీ విప్పాం, మళ్లీ నొక్కాం. అరగంట గడిచాక మా ఆవిడ కాఫీ గ్లాసులతో వచ్చి వెనక్కి వంగి చూసి ‘‘ఏమండీ, కొత్తదాన్ని వదిలేసి ఆ పైదానికి పెట్టారేంటి వైరు?’’ అంది. నీలం మూతి కనపడగానే చేతులు పాత అలవాటు చొప్పున మదర్‌బోర్డు వీజీఏకు తగిలించేశాయి. మూడు వందల యాభై రూపాయల కన్వర్టర్ చాప కింద ఉంది.

చాలు: శ్లేష. ఒక అర్థం తగినంత అని. రెండోది నాగటి చాలు. వక్త మొదటి అర్థంలో వాడాడు, మాకు అనుభవంలోకి వచ్చింది రెండోది. ఒక చాలు పక్కన ఇంకో చాలు, దాని పక్కన మరొకటి. పైగా ఇది కౌలు పొలం, గడువు దగ్గరకొచ్చిన పొలం. అదే ఏడాది అక్టోబరు 14న విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ మామూలు మద్దతు ముగిసింది. విండోస్ 11 అధికారిక జాబితాలో మూడో తరం ఐ5కు చోటు లేదు. ఆ నెలతోనే ఎన్విడియా పాస్కల్ కార్డులకు ఆటల డ్రైవర్లు ఆపేసి, 2028 అక్టోబరు దాకా మూడు నెలలకోసారి భద్రతా సవరణలు మాత్రం ఇస్తానంది. ఇవన్నీ తెలిసే కొన్నాను. ఐదంకెల్లో మొదటి అంకె ఒకటి దాటలేదన్నదే నా సంతృప్తి.

తాత్పర్యం

కారు మలుపు తిరుగుతోంది. మంచినీళ్లకు వ్యవధి లేదు.

పాఠాంతరం

‘మారిస్తే చాలు’ అన్నది నేను విన్న పాఠం. బిల్లులన్నీ బల్ల మీద పరిచి ఈ వాక్యాన్ని గుర్తు చేస్తే, తాను అన్నది ‘మారిస్తే చాలదు’ అనీ, పాత కార్డు ఫ్యాన్ గోలలో నాకే సరిగ్గా వినపడలేదనీ వక్త వాదించాడు. జీటీ 610 ఫ్యాను అరిగిపోయి కొబ్బరి పచ్చడి రుబ్బుతున్న మిక్సీలా అరిచేదన్న మాట నిజమే. అర్థం దృష్ట్యా ‘చాలదు’ పాఠమే బాగా పొసుగుతుందని కూడా ఒప్పుకోవాలి. అయితే ఆ పాఠం విని ఉంటే నేను పేపరు దించేవాణ్ని కాదు. తేల్చుకోవడానికి ఒకటే దారి: ఆ కార్డు మళ్లీ తగిలించి, ఆ చప్పుడులో ఆ వాక్యం పలికించి చూడటం. కార్డేదిరా అని అడిగాను. ఎదురింటి కుర్రాడికి ఇచ్చేశాడట, వాళ్ల నాన్నతో ఏమనాలో కూడా చెప్పి.