గ్రాఫైట్ ప్రవేశ వాక్యము: టీకా తాత్పర్య సహితము

అవతారిక: లోహ క్లోరైడులను గ్రాఫైట్ రేకుల నడుమ చొప్పింపగోరు పరిశోధక విద్యార్థికి గైడుగారు నోటుపుస్తకమున వ్రాసియిచ్చిన వాక్యమిది. చూచుటకు చిన్నది, ఆచరించుటకు పెద్దది. కనుక వ్యాఖ్య అవసరమైనది.

మూలము: గ్రాఫైటును ఆనోడుగా కట్టి, అల్యూమినియం క్లోరైడ్ ద్రవములో ముంచి, కరెంటు మెల్లగా పంపుము. మూత తీయకుము.

ప్రతిపదార్థము: గ్రాఫైటును = 0.335 నానోమీటర్ల ఎడముతో పేర్చిన కార్బన్ రేకుల దొంతరను; ఆనోడుగా కట్టి = పవర్ సప్లై ధన కొసకు తగిలించి; అల్యూమినియం క్లోరైడ్ ద్రవములో = అయానిక ద్రవముగా మారి గది వేడిమికే కరిగియున్న దానిలో; ముంచి = ముంచి (ఇందు గూఢార్థము లేదు); మెల్లగా = థీసిస్ గడువును తలపక; కరెంటు పంపుము = స్పష్టము.

టీక: “ఆనోడుగా కట్టి” అనుటలోనే శాస్త్రమంతయు ఇమిడియున్నది. గ్రాఫైట్ ఊరక అతిథిని పిలువదు. ఒక ఎలక్ట్రాన్‌ను వదులుకొని ధనావేశము పొందినప్పుడే, దానికి సరితూగ ఒక టెట్రాక్లోరోఅల్యూమినేట్ అయానును సందులోనికి రానిచ్చును. ప్రవేశ రుసుము చెల్లించునది అతిథి కాదు, ఇంటి యజమాని! ఫెర్రిక్ క్లోరైడ్ తీరు వేరు. అది తానే ఎలక్ట్రాన్‌ను లాగుకొనగలదు గనుక, మూసిన గాజు గొట్టమున గ్రాఫైటుతో కలిపి 300 డిగ్రీల సెల్సియస్ దరిదాపుల కాచిన చాలును. రేకుల ఎడము 0.94 నానోమీటర్లకు విచ్చుకొనును. 1932లో థీలే అను పరిశోధకుడు తెలిపినది ఈ సంయోగమునే. అల్యూమినియం క్లోరైడ్‌కు ఆ చొరవ లేదు. ఆవిరి మార్గమున దానికి క్లోరిన్ వాయువు తోడు కావలెను. ఇచట ఆ క్లోరిన్ పనిని కరెంటు చేయుచున్నది. పైగా దీనికి లెక్క కలదు: 96,485 కూలుంబులు ప్రవహించిన ఒక మోల్ ఎలక్ట్రాన్లు వెడలినట్లు.

అతిథులు తోచినచోట కూర్చుండరు. పెళ్ళి బంతిలో వలె వరుసలు పాటింతురు. మూడు కార్బన్ రేకులకొక అతిథి వరుస యున్న మూడవ అంచె, రెంటికొకటి యున్న రెండవది, ప్రతి సందు నిండిన మొదటిది.

పూర్వపక్షము: మూడవ అంచె రెండవదగుటకు, నిండిన సందులు కొన్ని ఖాళీ కావలెను కదా! కార్బన్ రేకును తూట్లు పొడిచికొని అతిథులు పై అంతస్తున కెట్లు పోవుదురు?

సిద్ధాంతము: పోనక్కరలేదు. 1969లో డోమా, ఎరోల్ అను ఫ్రెంచివారు సమాధానము చెప్పిరి. అతిథులు అన్ని సందులలోను ఉందురు, కాని దీవులు దీవులుగా. రేకులు ఆ దీవుల చుట్టు వంగును. అంచె మారునప్పుడు దీవులు పక్కకు జరుగును. రేకును దాటు పనియే లేదు.

“మెల్లగా” అనుటకు కారణము: కరెంటు హెచ్చినచో అయానులు లోనికి జరుగులోపే వోల్టేజి పైకెగయును. అపుడు ఆనోడు వద్ద క్లోరిన్ బుడగలు లేచును, రేకులు పొట్టుగా రాలును. కూలుంబుల లెక్కయు చెడును. నెమ్మదిగా నడిపినచో వోల్టేజి గీత మెట్లు మెట్లుగా వచ్చును. చదునైన చోట రెండంచెలు కలిసియుండును.

“మూత తీయకుము”: తేమగాలి సోకగానే అల్యూమినియం క్లోరైడ్ హైడ్రోజన్ క్లోరైడ్‌ను విడిచి తెల్లగా పొగలు కక్కును. ముక్కు మండును. అందుకే గ్లవ్‌బాక్స్.

రసము: శాంతము. మూత తీసినచో భయానకము.

తాత్పర్యము: ఎలక్ట్రాన్‌ను లాగి అయానును చొప్పింపుము, తొందరపడకుము. కరెంటును తిరుగవేసిన అయాను బయటికి వచ్చును. 2015లో స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయమున హాంగ్‌జీ దాయ్ బృందము ఈ రాకపోకలనే అల్యూమినియం బ్యాటరీగా మలచి, సుమారు 2 వోల్టుల వద్ద 7,500 సార్లకు పైగా జరిపించెను. విద్యార్థికి మాత్రము ఒక్కసారి చొరబడిన చాలును, పేపరు వచ్చును.