వదినె మాటకు మరిది టీక

మూలం

బుట్ట తాటియాకు, పొట్టలో లౌజుండ,
చెక్కలైదు, గవ్వ, చిన్న కేకు,
లేసు గుడ్డ మీద లెక్క చీటీ వద్దు,
వంద దాటనీకు వదినె మాట.

అవతారిక

కాళిదాసు కావ్యాలకు వ్యాఖ్య రాసిన కోలాచలం మల్లినాథసూరి, మూలంలో లేనిది రాయననీ అక్కర్లేనిది చెప్పననీ ముందే ఒట్టు పెట్టుకున్నాడు. నేనూ అలాగే పెట్టుకుంటే ఈ టీక నాలుగు ముక్కల్లో అయిపోతుంది. అందుకని పెట్టుకోలేదు.

పద్యం పుట్టిన సందర్భం ఇది. డిసెంబరు మొదటి వారం, సెమీ క్రిస్మస్ హడావుడి. రాజమండ్రి దేవీచౌక్ వైపు వెళ్తూ ఒక పెద్ద షాపులో గిఫ్ట్ హ్యాంపర్ చూశాం. అట్టపెట్టె, అందులో ఎండుగడ్డిలా కత్తిరించిన కాగితం, ఆ గడ్డిలో ఒక చాక్లెట్ డబ్బా, ఒక కొవ్వొత్తి, బొటనవేలంత జామ్ సీసా. ధర 1,499 రూపాయలు. మా వదిన గడ్డి పక్కకి జరిపి అడుగు దాకా చూసి, "దీన్లో సగం గడ్డేనండి మరిదిగారూ" అని బయటికొచ్చేసింది. ఆ రాత్రే హైదరాబాదులో ఉన్న కోడలికి ఫోన్లో బుట్ట ఎలా కట్టాలో చెప్పింది. మాటలు ఆవిడవి. ముప్పై ఏళ్లు హైస్కూల్లో తెలుగు చెప్పిన పాపానికి గణాలు నేను కట్టాను. వేమన ఛందం, వదిన మకుటం.

ప్రతిపదార్థం

బుట్ట = కానుక పెట్టే బుట్ట; తాటియాకు = తాటాకుతో అల్లినదై; పొట్టలో = దాని లోపల; లౌజుండ = కొబ్బరి లౌజు ఉండయు; చెక్కలు ఐదు = అప్పచ్చులలో చెక్కలనబడేవి అయిదును; గవ్వ = బెల్లపు గవ్వయు; చిన్న కేకు = కొద్దిపాటి కేకును (ఉండవలెను); లేసు గుడ్డ మీద = పైన కప్పిన లేసు గుడ్డపై; లెక్క చీటీ = ధర తెలిపే కాగితము; వద్దు = ఉండరాదు; వంద = నూరు రూపాయలు; దాటనీకు = మించనియ్యకుము; వదినె మాట = ఇది వదినె చెప్పిన మాట.

తాత్పర్యం

వంద రూపాయల్లో బుట్ట కట్టవచ్చును. కట్టి తీరవలెను.

విశేషాలు

హ్యాంపర్ అనే మాటకు మూలం పాత ఫ్రెంచిలో ఉంది. హనాప్ అంటే తాగే గిన్నె. గిన్నెలు దాచుకునే పెట్టె నుంచి ఇంగ్లీషు హ్యాంపర్ వచ్చింది. మాట దూరానిది గాని సరుకు మనకు కొత్త కాదు. పిల్లను కాపురానికి పంపుతూ కావిళ్లతో సారె పంపి, ఊరంతా ఇంటింటికీ మిఠాయి పంచే గోదావరి జిల్లాల వాళ్లం. సారెతో వచ్చిన చిక్కల్లా దానికి పైహద్దు లేకపోవడం. తాపేశ్వరం మడతకాజా ఒకళ్లు అరచేతంత పెడితే మరొకళ్లు పళ్లెమంత పెట్టాలి. వదిన సారె మర్యాద ఉంచి దాని నెత్తిన వంద అనే మూత పెట్టింది. ఈ పద్యంలో కొత్తదనం అదీ.

తాటియాకు: యడాగమం. మాట్లాడేటప్పుడు తాటాకే. యడాగమంతో ఒక మాత్ర పెరిగింది, ధర పెరగలేదు. వెదురుబుట్ట ఎందుకు కాకూడదంటే, వదిన ఉద్దేశంలో వెదురుబుట్ట వెళ్లిన ఇంట్లోనే ఉల్లిపాయలకు స్థిరపడిపోతుంది. తాటాకుబుట్ట తిరిగొస్తుంది.

లౌజుండ: ఏకవచనమే గాని మూడు పెట్టాలి. చెక్కలకు మాత్రం ఐదని సంఖ్య చెప్పి, లౌజుకూ గవ్వకూ జాత్యేకవచనంతో సరిపెట్టడం గడుసుతనం. ఎన్ని పెట్టినా పద్యం తప్పు పట్టదు. లౌజు తడి చెక్కకు తగిలితే చెక్క మెత్తబడుతుంది. అందుకని ఉండల్ని బటర్ పేపర్లో విడిగా చుట్టాలి. ఈ సంగతి పద్యంలో పట్టలేదు, నిరుడు పన్నెండు ఇళ్లకు మెత్తటి చెక్కలు వెళ్లాక తెలిసింది.

పూర్వపక్షం: ఆత్రేయపురం పూతరేకులు ఉండగా చెక్కలేమిటి? 2023లో భౌగోళిక గుర్తింపు కూడా వచ్చిన మిఠాయి కదా? సమాధానం: బోర్లించిన కుండ మీద బియ్యప్పిండి జావ పూసి తీసిన రేకు అది. వేలు గట్టిగా పడితే చాలు, విరుగుతుంది. ఆటోలో కుదుపులకు బుట్ట అడుగున పూత మిగులుతుంది, రేకులు మిగలవు. పైగా వంద అక్కడే అయిపోతుంది.

గవ్వ: మా ఇంట్లో గవ్వల పీట ఎప్పుడో పోయింది. కొత్త దువ్వెన కొని, కడిగి, దాని పళ్ల మీద గోళీకాయంత పిండి పెట్టి బొటనవేలితో ఒక్క నొక్కు నొక్కి ముందుకి జారిస్తే, పిండి తనంతట తాను చుట్టుకుంటుంది, వీపు మీద గీతలతో. వదిన వేలు ఆగదు. నేను చేసినవి ఆల్చిప్పల్లా వచ్చాయి. "అవి మనింట్లోకి" అంది.

చిన్న కేకు: ఇక్కడ పండితులు తగువు పడతారు. "చెక్క"కు యతి కుదరాలి గనుక "చిన్న" పడిందని ఛాందసులు, మైదా, వెన్న రేట్లు చూసి పడిందని లౌకికులు. ఇద్దరూ సరే. కుక్కర్లో ఇసుక పోసి, గ్యాస్కెట్టూ విజిలూ తీసేసి, ఇడ్లీ రేకుల్లో పోసిన కేకు ఇడ్లీ కంటే పెద్దది ఎలా అవుతుంది? పైన ఒక్క టూటీ ఫ్రూటీ ముక్క. దాన్ని ఉత్ప్రేక్ష అనుకోవాలి.

వంద: లెక్క వదిన చెప్పింది చెప్పినట్టు రాస్తున్నాను. బుట్ట 30, కొబ్బరీ బెల్లమూ 15, పిండీ పప్పూ నూనే 25, కేకు 20, కాగితమూ రిబ్బనూ 8. వెరసి 98. రెండు రూపాయలు మిగులు. ఈ లెక్కలో లేసు గుడ్డ కనిపించదు. నేను అడిగాను. "అది ఇంట్లో అల్లిందే కదండీ" అంది.

కనుక మూడో పాదం దగ్గర కొంచెం ఆగాలి. వదిన పుట్టిల్లు నర్సాపురం. 1836లో బౌడెన్, బీర్ కుటుంబాలు ఇంగ్లండు నుంచి వచ్చి, తర్వాత ఆ ఊరు కేంద్రంగా గోదావరి డెల్టా మిషన్ నడిపాయి. లేసు అల్లిక కూడా ఆ శతాబ్దంలోనే మిషనరీల ఇళ్ల నుంచి మన ఆడవాళ్ల చేతికి వచ్చింది. ఒకావిడ పువ్వులు అల్లితే, ఇంకొకావిడ వాటిని కలుపుతుంది. దాన్ని అతుకుపని అంటారు. ఆ సరుకు ఓడలెక్కి దేశాలు తిరిగింది. జర్మనీ సామాజిక శాస్త్రవేత్త మరియా మీస్ నర్సాపురం లేసు పనివాళ్ల మీద 1982లో ఒక పుస్తకమే వేసింది. ఖాళీ సమయంలో ఇంట్లో కూర్చుని చేసుకునే పని అన్న పేరుతో వాళ్ల శ్రమ లెక్కకు రావడం లేదనీ, వ్యాపారమూ లాభమూ మగవాళ్ల చేతుల్లో ఉన్నాయనీ ఆవిడ చెప్పింది. నర్సాపురం లేసుకి 2024లో భౌగోళిక గుర్తింపు దక్కింది.

వదిన ఒక గుడ్డకు నాలుగు సాయంత్రాలు తీసుకుంటుంది. పన్నెండు గుడ్డలు. దసరాకి సూది పట్టి, టీవీ వైపు చూస్తూనే, వేళ్లతో గళ్లు లెక్కపెడుతూ అల్లింది. కాబట్టి "లెక్క చీటీ" శ్లేష. షాపు ధర అంటించిన కాగితం పీకెయ్యమనేది వాచ్యార్థం. నలభై ఎనిమిది సాయంత్రాల లెక్క ఎవరూ ఎత్తవద్దనేది వ్యంగ్యార్థం. ఈ రెండో అర్థం కవయిత్రికి చదివి వినిపించాను. కొబ్బరికోరు నా వైపు జరిపి, "అయితే ఆ నాలుగు కాయలూ కోరండి, ఆ లెక్క కూడా రాసుకుందురు గాని" అంది. రెండో కాయ దగ్గర వేలు గీరుకుంది. టీక ఒక రోజు ఆలస్యమైంది.

పాఠాంతరం: కోడలు ఫోన్లో విని రాసుకున్న ప్రతిలో "లేసు గుడ్డ మీది" అని ఉంది. అంటే గుడ్డ కూడా పుచ్చుకున్నవాళ్లదే. వదిన పాఠం "మీద". అప్పుడు గుడ్డ మూత మాత్రమే. మూత ఎవరిదన్నది మూలం తేల్చలేదు. ఏ పాఠం గ్రాహ్యమో చెప్పమని అడిగితే వదిన నవ్వి ఊరుకుంది.

ఫలశ్రుతి

డిసెంబరు 24 సాయంత్రానికి పన్నెండు బుట్టలూ వెళ్లాయి. పాస్టరుగారికి ఒకటి, చర్చివాళ్లకి ఐదు, మా వీధివాళ్లకి ఐదు, బట్టలు కుట్టే సాయిబుగారికి ఒకటి. ఖాళీ బుట్ట తిరిగి పంపే అలవాటు మా వైపు లేదు గనక, సంక్రాంతి వెళ్లేసరికి తొమ్మిది బుట్టలు నిండుగా తిరిగొచ్చాయి. అరిసెలు, జంతికలు, ఒకదాన్లో పొట్లం కట్టిన సున్నుండలు, సాయిబుగారి బుట్టలో ఒక జాకెట్టు ముక్క. ఏడింట్లో లేసు గుడ్డ మడతపెట్టి ఉంది. రెండింట్లో లేదు.

కనుమ మర్నాడు వదిన బియ్యం డబ్బా వెనకనుంచి పాత నోటుబుక్కు తీసి, పన్నెండు పేర్లలో అయిదింటి పక్కన పెన్సిలుతో చిన్న సున్నా చుట్టింది. వచ్చిన బుట్టలవి రెండు, రాని బుట్టలవి మూడు. ఆ పేజీ నాకు చూపించలేదు.