నిలిచే నల్ల సిరా కోరుతూ పాల్వంచ తహసీల్దారు గారికి బహిరంగ లేఖ

పాల్వంచ పరగణా తహసీల్దారు శ్రీ కంచర్ల గోపన్న గారి సముఖమునకు, ఖమ్మం–భద్రాచలం అడవి అంచున అర్జీలు రాసుకుని బతికే ఒక దస్తావేజు లేఖరి చేసుకునే విన్నపం.

విషయం: సర్కారు కాగితాలకు మంచి నల్ల సిరా ఎంపిక చేయించుట గురించి.

సూచిక: తమరి బాకీ ముట్టినట్టు గోల్కొండ సుల్తాను తానీషా వారు రామోజీ, లక్ష్మోజీలకు రాసిచ్చారని చెప్పుకునే రసీదు.

అయ్యా,

ఇంతమంది తహసీల్దార్లు కుర్చీల్లో ఉండగా పదిహేడో శతాబ్దపు తమరికి అర్జీ ఏమిటని అడగవచ్చు. రాతకోతల విలువ తమరికి తెలిసినట్టు ఇంకెవరికీ తెలియదు. నేలకొండపల్లిలో పుట్టి, పాల్వంచలో శిస్తు వసూలు చేసి, ఆ సొమ్ముతో భద్రాద్రిలో గుడి కట్టించి, లెక్క తేలక గోల్కొండ ఖైదులో పన్నెండేళ్ళు మగ్గారని చెబుతారు. మేనమామలు అక్కన్న మాదన్నలు దర్బారులో చక్రం తిప్పుతున్నా విడిపించలేకపోయారు. చివరికి రామలక్ష్మణులే రామోజీ, లక్ష్మోజీ అనే బంట్ల వేషంలో వచ్చి ఆరు లక్షలు కట్టారట. సాక్షాత్తూ భగవంతుడు కూడా డబ్బు కుమ్మరించి ఊరికే మాయం కాలేదు, రసీదు రాయించుకుని మరీ కదిలాడు. లేకపోతే తెల్లారేసరికి మళ్ళీ రికవరీ నోటీసు వస్తుందని ఆయనకు తెలుసు.

నాది ఇంకు పెన్ను. అర్జీలూ, అప్పీళ్ళూ, కౌలు ఒప్పందాలూ దానితోనే రాస్తాను. రాయించుకునేవాళ్ళలో పోడు రైతులు ఎక్కువ. కాగితం చేతికివ్వగానే నాలుగు మడతలు పెట్టి, ప్లాస్టిక్ కవరులో చుట్టి, ట్రంకు పెట్టెలో దాస్తారు. గోదావరికి ఆ పెట్టె ఒక లెక్కా? భద్రాచలం దగ్గర మూడో ప్రమాద హెచ్చరిక 53 అడుగులకు ఎగరేస్తారు. 1986లో 75.6 అడుగులు వచ్చింది, 2022 జూలైలో 71.3 అడుగులు.

వరద తీశాక ఒక కోయ పెద్దాయన తడిసి ఆరిన పాత శిస్తు రసీదు తెచ్చి నా బల్ల మీద పెట్టాడు. అచ్చుగీతలు ఉన్నాయి, సీరియల్ నంబరు ఉంది. పేరు, సర్వే నంబరు, ఎకరాలు ఉండాల్సిన చోట లేత ఊదా మరక ఉంది. అటవీ హక్కుల చట్టం కింద పట్టా కావాలంటే 2005 డిసెంబరు 13కు ముందే సాగులో ఉన్నట్టు ఆధారాలు చూపాలి. "ఇందులో నా పేరు ఏడుందో చూపు అయ్యా" అన్నాడు. ఏం చూపను? దాన్ని రాసిన గుమాస్తాను అనడానికీ లేదు. కొట్లో నల్ల సిరా అడిగి ఉంటాడు, కొట్టువాడు నల్ల సిరాయే ఇచ్చి ఉంటాడు.

ఆ నలుపు బండారం తమరు కళ్ళారా చూడాలి. సుద్దముక్క కింది కొసకు కాస్త పైన ఒక చుక్క నల్ల సిరా పెట్టండి. పళ్ళెంలో కొంచెం నీళ్ళు పోసి, చుక్కకు తగలకుండా నిలబెట్టండి. తడి పైకి పాకేకొద్దీ నలుపు విడిపోతుంది. ఒకచోట నీలం, ఒకచోట ఊదా, అంచున పసుపో ఎరుపో తేలుతుంది. హైస్కూలు పిల్లలకు తెలిసిన ప్రయోగమే. మామూలు నల్ల సిరా సంకీర్ణ సర్కారు లాంటిది: ఎండ తగిలితే ఒక రంగు మద్దతు ఉపసంహరించుకుంటుంది, నీళ్ళు తగిలితే ఇంకొకటి. అయితే నీళ్ళలో కరిగే రంగు కనుకే అది పెన్నులో గడ్డకట్టదు, కడిగితే ఇట్టే పోతుంది. బడి నోట్సుకూ, ఇంటి పద్దుకూ కామ్లిన్, బ్రిల్, పార్కర్ క్వింక్ ఏదైనా భేషుగ్గా సరిపోతుంది. భూమి కాగితానికి మాత్రం పనికిరాదు.

తమరి కాలంలో ఈ రంగుల బాధ లేదు. కరణాలు తాటాకు మీద గంటంతో గీసి మసి పులిమేవారు. మున్షీలు దీపపు మసిలో జిగురు కలిపి కలం ముంచి రాసేవారు. నిలిచే నలుపుల్లో మొదటి రకం అదే: మసికి ఎండ భయం లేదు. ఆ సిరాను ఇంకు పెన్నులో పోస్తే మాత్రం జిగురు గట్టిపడి, పాళీ కింద సిరా దిగే సన్నకాలువ పూడుకుపోతుంది. పెన్ను చేజారినట్టే.

రెండో రకం మన అడవి సరుకే. కరక్కాయ పెచ్చులు దంచి, నీళ్ళలో మరిగించి వడగట్టి, ఆ గోధుమరంగు కషాయంలో చిటికెడు అన్నభేది వేస్తే చూస్తుండగానే నల్లబడుతుంది. కాయలోని వగరూ, అన్నభేదిలోని ఇనుమూ కలిసి చేసే పని అది. రాసినప్పుడు పల్చగా ఉండి, గాలి తగిలేకొద్దీ నలుపెక్కుతుంది. కాగితం పోగుల్లో పట్టుకున్నాక నీళ్ళకు ఊడదు. ఇంగ్లండులో జననమరణాల రిజిస్టర్ల కోసం ఈ జాతి సిరానే ప్రత్యేకంగా తయారుచేశారు. ఇంట్లో కాచినదాన్ని పెన్నులో పోయకూడదు: నలక అడ్డుపడుతుంది, పులుపు స్టీలు పాళీని తింటుంది. కంపెనీలు పెన్నుకు తగ్గట్టు చేసినవి బ్లూబ్లాక్ పేరుతో దొరుకుతాయి.

మూడోది ఈ కాలపు మసి. జపాను కంపెనీలు ప్లాటినం, సెయిలర్ మసిని కాలువలో ఇరుక్కోనంత మెత్తగా చేసి, జిగురు బెడద లేకుండా నల్ల సిరా అమ్ముతున్నాయి. ఆరాక నీళ్ళు పోసినా గీత చెదరదు, ఎండకు వెలిసిపోదు. షరతు ఒక్కటే: పెన్నును రాయకుండా మూల పడేయకూడదు, తరచూ కడుగుతుండాలి. నా ఓటు దీనికే. ఓటంటే గుర్తొచ్చింది, ఎన్నికలప్పుడు వేలికి పెట్టే సిల్వర్ నైట్రేటు గీత వారాల తరబడి పోదు. ఓటరు వేలికి పట్టిన అదృష్టం ఓటరు కాగితానికి పట్టలేదు.

ఈ మసి సిరాకు పెన్ను కూడా మన గోదావరి ఒడ్డునే ఉంది. రాజమండ్రిలో 1932లో మొదలైన రత్నం పెన్నుల గురించి గాంధీజీ 1935లో ఉత్తరం రాశారు. ఫిల్లరుతో గొట్టంలోకి నేరుగా సిరా పోసుకునే ఆ తరహా పెన్ను మర విప్పి కడుక్కోవడం తేలిక. మా ఎండలకు ఒక చిక్కుంది. సిరా బాగా తగ్గాక చేతి వేడికి లోపలి గాలి ఉబ్బి, సరిగ్గా సంతకం చోట బొట్టు వదులుతుంది. అడుగంటే దాకా ఆగకుండా నింపుకోవాలి.

నలుపుకు కరువున్న నేలా ఇది? ఇల్లందు దగ్గర 1871లోనే బొగ్గు బయటపడింది. నల్లజీడి రసంతో బట్ట మీద వేసిన గుర్తు బట్ట చిరిగేదాకా పోయేది కాదు. కరక్కాయలు గిరిజన సహకార సంస్థ కొంటుంది. సారపాకలో కాగితం మిల్లుంది. ఇన్ని ఉండి, నాలుగు వానలకు ఆగే రాత మాత్రం మాకు కరువైంది.

కనుక తమరు దయచేసి:

ఒకటి, చేత్తో రాసే రసీదులూ, రిజిస్టర్లూ నీటికి నిలిచే నల్ల సిరాతోనే రాయాలని హుకుం జారీచేయాలి. పచ్చ సిరా సంతకాల గెజిటెడ్ దొరలకు కూడా ఇదే వర్తించాలి.

రెండు, సిరా కొనేముందు ప్రతి ఆఫీసులో పరీక్ష పెట్టించాలి. రెండు గీతలు గీసి ఒక రోజు ఆరనివ్వాలి. ఒకదాన్ని నీళ్ళలో నానబెట్టాలి. రెండోదాన్ని సగం పుస్తకం కింద దాచి, సగం నెలపాటు ఎండకు పెట్టాలి. తేడా కనిపిస్తే సీసా వాపసు.

మూడు, మెషీన్ చీటీలతో పాటు చేతిరాత రసీదు కూడా ఇప్పించాలి. చాలా చీటీల్లో అసలు సిరాయే ఉండదు. మెషీన్ వేడికి నల్లబడే కాగితం అది, పెంకుటింట్లో కొన్నాళ్ళకు రాత వెలిసి తెల్లకాగితమవుతుంది.

నాలుగు, నాలుగు బస్తాల కరక్కాయ ఏదైనా కాలేజీ కెమిస్ట్రీ ల్యాబుకు ఇప్పించి, పెన్నుకు సరిపడే సిరా చేసి చూడమనాలి.

ఖర్చు దగ్గర కొర్రీ పడుతుందని తెలుసు. ఒక అర్జీకి పట్టేది నాలుగు చుక్కలు. సీసా ఎంత ఖరీదైనా ఆ నాలుగు చుక్కల తేడా నేనే భరిస్తాను. రాయించుకునేవాళ్ళ దగ్గర పైసా ఎక్కువ అడగను. సర్కారు వారు తమ వంతు చుక్కలు భరిస్తే చాలు.

ఇట్లు
తమ విధేయుడు,
దస్తావేజు లేఖరి